నోటు తిరగరాయని రోజు: రెండు వందల మాల్స్ ఉన్న కంపెనీ దివాలా కోర్టుకు ఎందుకెళ్లింది?

పోయిన ఎపిసోడ్‌లో రీట్ అంటే ఏంటో చెప్పుకున్నాం కదా. అది చూశాక మీలో చాలామంది నన్ను అడిగింది ఒక్కటే. "అన్నా, ఇవన్నీ ఎందుకుగానీ, వీటిలో దేనికి అప్పు తక్కువో చెప్పేయ్, అందులో పెట్టేస్తాం."

ప్రశ్నలో తప్పేం లేదు. పదిహేను వేలు చేతిలో పట్టుకుని ఫోన్‌లో యాప్ తెరిచిన ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న అదే. కానీ దానికి నేను ఒక పేరు చెప్పి ఊరుకుంటే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఎందుకంటే అప్పు ఎక్కువా తక్కువా అని చెప్పడానికి మనం ఏ లెక్క చూడాలి అన్నదాని మీదే అమెరికాలో ఒకసారి పెద్ద పెద్దవాళ్లు బోర్లా పడ్డారు. 2009 ఏప్రిల్ 16న జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ అనే కంపెనీ దివాలా రక్షణ కోరుతూ న్యూయార్క్ కోర్టు మెట్లెక్కింది. దాని చేతిలో రెండు వందలకు పైగా షాపింగ్ మాల్స్ ఉన్నాయి. షాపుల్లో నూటికి తొంభైకి పైగా నిండే ఉన్నాయి. అద్దెలు వస్తున్నాయి. రోజూ పొద్దున్నే తలుపులు తెరుస్తున్నారు, ఎస్కలేటర్లు తిరుగుతున్నాయి. అయినా అది అమెరికా చరిత్రలో అప్పటిదాకా జరిగిన అతి పెద్ద రియల్ ఎస్టేట్ దివాలా.

అద్దెలు వస్తుంటే దివాలా ఏంటి? దానికి ముందు మా తాతయ్య సంగతి ఒకటి చెప్పాలి. రెండు నిమిషాలే, స్కిప్ చేయకండి.

మా తాతయ్యకు కాలవ కింద మూడెకరాలు. పక్క ఊళ్లో ఒకాయన దగ్గర నోటు రాసి అప్పు తెచ్చుకున్నాడు. మీలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుసు, ప్రామిసరీ నోటుకి మూడేళ్లే ప్రాణం. ఆలోపు వసూలు చేసుకోకపోతే కాలదోషం పడుతుంది. అందుకని మూడేళ్లు నిండకముందే ఇద్దరూ కూర్చుని నోటు తిరగరాస్తారు. పాత నోటు చించేసి కొత్తది. వడ్డీ కట్టేసి, అసలు మళ్లీ రాసేస్తారు. మా తాతయ్య ఒక్క వడ్డీ కూడా ఎగ్గొట్టలేదు. అలా మూడు నాలుగుసార్లు తిరగరాశాక ఒక వేసవిలో ఆయన, "ఈసారి రాయను, నాకే డబ్బు అవసరం పడింది, అసలు ఇచ్చెయ్" అన్నాడు. వేసవిలో పొలం కొనేవాడెవడు? ఊళ్లో అందరి చేతులూ ఖాళీయే. ఒక ఎకరం వచ్చిన రేటుకి అమ్మేశాడు. రెండేళ్లు ఆగి ఉంటే ఎంత వచ్చేదో మా నాన్న ఇప్పటికీ పండక్కి భోజనాల దగ్గర లెక్క చెబుతూనే ఉంటాడు.

ఇక్కడ గమనించండి. తాతయ్య అప్పు ఆ ఏడాది పెరగలేదు. పొలం చెడిపోలేదు. పంట బాగానే ఉంది. మారింది ఒక్కటే, అవతలి మనిషి నోటు తిరగరాయనన్నాడు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

సరే, రీట్ దగ్గరకి వద్దాం. 1960 సెప్టెంబర్‌లో అప్పటి అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ సంతకంతో అమెరికాలో రీట్ చట్టం వచ్చింది. తమాషా ఏంటంటే అది చుట్టల మీద ఎక్సైజ్ పన్నును పొడిగించే బిల్లుకు తోక తగిలించినట్టు వచ్చింది. ఐడియా మంచిదే. పెద్ద పెద్ద భవనాలు డబ్బున్నవాళ్లే కొనగలరు, మామూలు మనిషి కూడా షేర్లు కొన్నట్టు వాటిలో ఒక ముక్క కొనుక్కునే వీలుండాలి. దానికి ప్రభుత్వం ఒక ఒప్పందం పెట్టింది. మీ ఆదాయంలో కనీసం 90 శాతం వాటాదారులకు పంచేయండి, పంచినదాని మీద కంపెనీ పన్ను వేయం. మధ్యలో కొన్నేళ్లు అది 95 శాతం అయింది, మళ్లీ 90కి వచ్చింది.

ఈ 90 శాతాన్ని అందరూ వరంలాగే చెబుతారు. మనకు డబ్బు వస్తుంది కాబట్టి వరమే. కానీ కంపెనీ వైపు నుంచి చూడండి. వచ్చింది వచ్చినట్టు పంచేస్తే అప్పు అసలు తీర్చడానికి చేతిలో ఏం మిగులుతుంది? చాలా తక్కువ. కాబట్టి గడువు వచ్చినప్పుడు రీట్‌కి ఉన్న దారులు మూడే. ఇంకో అప్పు తెచ్చి పాతది తీర్చడం, అంటే నోటు తిరగరాయడం. లేదా ఆస్తి అమ్మడం. లేదా కొత్త షేర్లు అమ్మి జనం దగ్గర డబ్బు తేవడం. మామూలు రోజుల్లో మూడు తలుపులూ తెరిచే ఉంటాయి. చెడ్డ రోజుల్లో మూడూ ఒకేసారి మూసుకుంటాయి. అదే ఈ వ్యాపారంలో పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆ జబ్బు మొదటిసారి బయటపడింది 1970లలో. అప్పటి రీట్లలో చాలావరకు భవనాలు కొనేవి కావు, బిల్డర్లకు అప్పులిచ్చేవి. పేరున్న బ్యాంకులు తమ పేర్లతోనే ఇలాంటివి పెట్టాయి. 1968లో మొత్తం రీట్ రంగం ఆస్తులు సుమారు 100 కోట్ల డాలర్లు. 1970ల మధ్యకు వచ్చేసరికి సుమారు 2,000 కోట్లు. ఆరేడేళ్లలో ఇరవై రెట్లు! ఆ డబ్బు ఎక్కడి నుంచి? చాలావరకు కొద్ది నెలల గడువున్న కాగితాల మీద మార్కెట్‌లో తెచ్చిన అప్పు. అటు బిల్డర్‌కి ఇచ్చింది అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేదాకా తిరిగిరాని అప్పు. తెచ్చింది నెలలకు, ఇచ్చింది ఏళ్లకు. 1973లో చమురు సంక్షోభం, 1974లో బ్యాంకుల ప్రైమ్ వడ్డీ 12 శాతం. ఫ్లోరిడాలో కట్టిన ఫ్లాట్లు కొనేవాళ్లు లేరు. చేజ్ మాన్‌హాటన్ బ్యాంకు పేరు పెట్టుకున్న రీట్ కూడా ఈదలేక ఈదలేక 1979లో దివాలా కోర్టుకు చేరింది. అంత పెద్ద బ్యాంకు పేరున్నా ఆగలేదు.

తర్వాత పదిహేనేళ్లు రీట్ అంటే జనం మొహం తిప్పుకున్నారు. ఈ భాగం తొందరగా దాటేస్తాను, ఎందుకంటే అసలు కథ 1990లలో మొదలవుతుంది. 1991లో కిమ్‌కో అనే షాపింగ్ సెంటర్ల కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చింది. దాని వెనకే వరసగా చాలా వచ్చాయి. ఇవి అప్పులిచ్చే రీట్లు కావు. సొంతంగా భవనాలున్నవి, వాటిని స్వయంగా నడిపేవి. 1993లో మన కథలోని ఇద్దరు హీరోలూ, లేక ఒక హీరో ఒక బాధితుడు అనండి, మార్కెట్‌లోకి వచ్చారు. సైమన్, జనరల్ గ్రోత్.

ఇద్దరివీ అన్నదమ్ముల కథలే. మెల్విన్, హెర్బర్ట్ సైమన్ ఇండియానాపొలిస్‌లో 1960లో మొదలుపెట్టారు. మార్టిన్, మాథ్యూ బక్స్‌బామ్ అయోవా రాష్ట్రంలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం నుంచి వచ్చారు. 1954లో సీడర్ రాపిడ్స్ అనే ఊళ్లో మొదటి షాపింగ్ సెంటర్ కట్టారు. కిరాణా కొట్టు నుంచి అమెరికాలో రెండో అతి పెద్ద మాల్ యజమానిగా ఎదగడం మామూలు విషయం కాదు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మాల్ ఎక్కడ కట్టాలి, ఎవరికి అద్దెకివ్వాలి అన్నది వాళ్లకు తెలిసినంత కొద్దిమందికే తెలుసు. హోనొలులులోని ఆలా మోవానా, లాస్ వేగాస్‌లోని ఫ్యాషన్ షో లాంటి మేటి మాల్స్ వాళ్లవే.

మరి తేడా ఎక్కడ వచ్చింది? ఎదిగిన పద్ధతిలో. జనరల్ గ్రోత్ ఒక్కో మాల్‌నీ విడిగా తాకట్టు పెట్టి అప్పు తెచ్చేది. మాల్ విలువ పెరిగితే పాత అప్పు తీర్చి, అదే మాల్ మీద ఇంకా పెద్ద అప్పు తెచ్చేది. మిగిలిన డబ్బుతో ఇంకో మాల్. వడ్డీ తక్కువ, విలువలు పెరుగుతున్నాయి, ఇంకేం కావాలి? 2004లో రౌస్ అనే దిగ్గజ కంపెనీని అప్పులతో కలిపి సుమారు 1,260 కోట్ల డాలర్లకు కొనేసింది. బోస్టన్‌లోని ఫానెల్ హాల్ మార్కెట్‌ప్లేస్, మేరీలాండ్‌లో కొలంబియా అనే ఒక పట్టణానికి పట్టణం, లాస్ వేగాస్ పక్కన సమ్మర్లిన్, ఇవన్నీ ఒక్క దెబ్బతో చేతికొచ్చాయి. 2007లో షేరు ధర 60 డాలర్లు దాటింది. అప్పట్లో ఎవరైనా "అప్పు ఎక్కువైంది" అంటే వినేవాడు లేడు.

ఈ మాల్ అప్పులు ఎలాంటివో కొంచెం ఆగి చూద్దాం, ఎందుకంటే ముడి ఇక్కడే ఉంది. బ్యాంకు అప్పు ఇస్తుంది కానీ తన దగ్గర ఉంచుకోదు. ఇలాంటి అప్పులు వంద కలిపి ఒక మూట కట్టి, ఆ మూటను ముక్కలు చేసి, బాండ్లుగా ప్రపంచమంతా అమ్మేస్తారు. ఈ రకం బాండ్లు 2007లో అమెరికాలో 20,000 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడయ్యాయి. 2008లో అది సుమారు 1,200 కోట్లకు పడిపోయింది. చూశారా? ఊళ్లో వడ్డీకిచ్చే వీధి వీధంతా ఒక్క ఏడాదిలో తలుపులేసుకున్నట్టు.

ఇంకో చిక్కు. తాతయ్య కనీసం వెళ్లి ఆయన అరుగు మీద కూర్చోగలిగాడు, బతిమాలగలిగాడు. జనరల్ గ్రోత్ ఎవరి అరుగు మీద కూర్చోవాలి? అప్పిచ్చినవాళ్లు ఇప్పుడు పేరు తెలియని వేలమంది బాండు యజమానులు. మధ్యలో వాళ్ల తరఫున వసూలు చేసిపెట్టే సర్వీసర్ అనే ఏజెంట్ ఉంటాడు. ముందుగానే మాట్లాడుకుందాం రండి అని కంపెనీ అడిగితే ఆ ఏజెంట్లు ముందుకు రాలేదని తర్వాత కోర్టులో బయటపడింది. గడువు నెత్తిమీదకి వచ్చేదాకా మాట్లాడేవాడే లేడు.

2008 శరదృతువు. సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. అక్టోబర్‌లో జనరల్ గ్రోత్ డివిడెండ్ ఆపేసింది. అదే నెలలో కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ వెళ్లిపోయారు, సీఈఓ పదవి నుంచి జాన్ బక్స్‌బామ్ కూడా తప్పుకున్నారు. ఆ సీఎఫ్ఓ తన సొంత షేర్లు తాకట్టు పెట్టి బ్రోకర్ల దగ్గర అప్పు చేశారు. షేరు పడిపోతుంటే ఆ అప్పు మెడకు చుట్టుకుంది. బక్స్‌బామ్ కుటుంబానికి చెందిన ట్రస్టు ఆయనకు అప్పిచ్చి ఆదుకోబోయిన సంగతి కూడా అప్పుడే బయటికి వచ్చింది. కంపెనీ అప్పు మీద అధికారి అప్పు, దాని మీద ట్రస్టు అప్పు. పైకప్పు మీద పైకప్పు వేసినట్టు. నవంబర్ వచ్చేసరికి షేరు ధర ఒక డాలరు కన్నా దిగువకు పడింది. 60 నుంచి ఒకటి లోపుకి!

ఆ నవంబర్ 28న లాస్ వేగాస్‌లోని రెండు మాల్స్ మీద ఉన్న 90 కోట్ల డాలర్ల అప్పుకు గడువు. ఫ్యాషన్ షో, పలాజో షాపులు. రెండూ ఖరీదైనవే, బాగా నడిచేవే. డబ్బు లేదు. డిసెంబర్‌దాకా టైమ్ అడిగారు, తర్వాత ఫిబ్రవరిదాకా. 2009 మార్చిలో రౌస్ పాత బాండ్లు 39.5 కోట్ల డాలర్లు తీర్చాలి, అవీ తీర్చలేకపోయారు. బాండ్లవాళ్లను కాస్త ఆగమని బతిమాలితే చాలినంతమంది ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో కోర్టు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి, నిజంగానే. కోర్టులో చూపించిన లెక్క ప్రకారం జనరల్ గ్రోత్ ఆస్తులు సుమారు 2,950 కోట్ల డాలర్లు, అప్పు సుమారు 2,730 కోట్లు. అంటే నూటికి 92. బాబోయ్ అనిపిస్తుంది. సరే, పోటీదారు సైమన్ చూడండి. 2008 చివర్లో దాని పుస్తకాల్లో ఆస్తులు 2,300 కోట్లకు పైగా, అప్పు సుమారు 1,800 కోట్లు. నూటికి 76, 77. ఇది కూడా తక్కువేం కాదు కదా! మీ స్నేహితుడెవరైనా ఇల్లు కొనడానికి నూటికి 77 అప్పు చేస్తే మీరేమంటారు?

ఇక్కడే మొదటి మోసం ఉంది. పుస్తకాల్లో రాసే విలువ ఈ రోజు మార్కెట్ ధర కాదు. ఎప్పుడో కొన్న ధరలోంచి ఏటా తరుగుదల తీసేసిన అంకె. ఇరవై ఏళ్ల కిందట కొన్న మంచి మాల్ పుస్తకంలో చవగ్గా కనిపిస్తుంది, దాంతో అప్పు శాతం పెద్దదిగా కనిపిస్తుంది. నిన్న మొన్న ఎక్కువ ధరకు కొన్న కంపెనీకి పుస్తకం విలువ ఎక్కువ, అప్పు శాతం చిన్నది. అంటే తెలివిగా ఎప్పుడో కొన్నవాడు చెడ్డగా, గాలిబుడగలో కొన్నవాడు మంచిగా కనిపిస్తాడు.

మరి మార్కెట్ విలువ తీసుకుంటే? అదింకో రకం తలనొప్పి. ఒక భవనం 100 కోట్లు, అప్పు 50 కోట్లు అనుకోండి. నూటికి 50. మార్కెట్ పడిపోయి ఆ భవనం 70 కోట్లకే పోతుందంటే, అప్పు నూటికి 71. ఒక్క రూపాయి కొత్త అప్పు చేయలేదు. కింద ఉన్న అంకె కరిగిపోయింది, అంతే. 2007 ఫిబ్రవరి నుంచి 2009 మార్చి మధ్యలో అమెరికా రీట్ షేర్ల సూచీ మూడింట రెండు వంతులు పడింది. ఆ రెండేళ్లలో అందరి అప్పు శాతాలూ పెరిగాయి, ఏ పాపం చేయనివాళ్లవి కూడా.

అందుకే కొంతమంది ఆస్తి విలువను పక్కన పెట్టేసి, ఏడాది మిగులు ఆదాయానికి అప్పు ఎన్ని రెట్లు అని చూస్తారు. వడ్డీ కట్టడానికి ముందు మిగిలేది ఏడాదికి 10 కోట్లు, అప్పు 60 కోట్లు అయితే ఆరు రెట్లు. ఇది కొంచెం నిజాయితీ ఉన్న లెక్క, ఎందుకంటే అద్దె ధర కన్నా నెమ్మదిగా మారుతుంది. నేనూ ముందు దీన్నే చూస్తాను. కానీ ఇది కూడా జనరల్ గ్రోత్‌కి సరిగ్గా ఏ నెలలో ఊపిరాడకుండా పోతుందో చెప్పదు. ఆ సంగతి చెప్పే లెక్క వేరే ఉంది. ఏ ఏడాది ఎంత తీర్చాలి అన్న పట్టిక. జనరల్ గ్రోత్ అప్పులో దాదాపు మూడింట రెండు వంతులు అప్పటికే గడువు దాటినవి, లేదా 2012 చివరికల్లా గడువు తీరేవి. అంటే మూడున్నరేళ్లలో సుమారు 1,840 కోట్ల డాలర్ల నోట్లు తిరగరాయాలి, ఊళ్లో రాసేవాడు ఒక్కడు లేడు.

సైమన్ ఏం చేసింది? అప్పు దానికీ ఉంది, గడువులూ ఉన్నాయి. కానీ మంచి క్రెడిట్ రేటింగ్ కాపాడుకుంటూ వచ్చింది. అన్నీ ఒక్కో మాల్ తాకట్టు మీదే తేకుండా, కంపెనీ పేరు మీద కూడా బాండ్లు అమ్మింది. అవసరమైతే వాడుకునేలా బ్యాంకుల దగ్గర పెద్ద పరిమితి ముందే పెట్టుకుంది. 2009 మొదట్లో ఇంకో పని చేసింది. ఆ త్రైమాసికం డివిడెండ్ షేరుకు 90 సెంట్లు. అందులో పది శాతమే నగదు, మిగతాది కొత్త షేర్ల రూపంలో ఇచ్చింది. పన్నుల శాఖ అప్పుడే దానికి అనుమతి ఇచ్చింది. పంచాలన్న నియమం పాటించినట్టూ అయింది, డబ్బు ఇంట్లోనే ఉన్నట్టూ అయింది. వాటాదారులు గొణిగారు, నిజమే. ఆ వసంతంలోనే కొత్త షేర్లు, బాండ్లు అమ్మి ఇంకా డబ్బు తెచ్చుకుంది. దాని వెనకే మిగతా రీట్లూ వరస కట్టాయి. 2009లో అమెరికా రీట్లు కొత్త షేర్లు అమ్మి తెచ్చింది 2,000 కోట్ల డాలర్లకు పైమాటే. పాత వాటాదారుల వాటా పలచనయింది, కానీ ఇల్లు నిలబడింది.

మూడో మనిషి ఒకడున్నాడు, నాకు బాగా నచ్చినవాడు. పబ్లిక్ స్టోరేజ్. ఇంట్లో పట్టని సామాన్లు దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే కంపెనీ, 1972లో మొదలైంది. ఇది అప్పు దాదాపు చేసేదే కాదు. దాని బదులు ప్రిఫర్డ్ షేర్లు అమ్మేది. వాటి మీద ఏటా ఫలానా శాతం ఇస్తామని మాట, కానీ అసలు ఫలానా తేదీన తిరిగి ఇవ్వాలన్న గడువు లేదు. అంటే మూడేళ్లకోసారి తిరగరాయక్కర్లేని నోటు! వడ్డీ కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ ఎవడూ వచ్చి తలుపు కొట్టడు. 2008లో అందరూ నిద్రలేక దొర్లుతుంటే ఇది డివిడెండ్ కూడా తగ్గించలేదు. అయితే ఒక తిరకాసు. అప్పట్లో అప్పుల పట్టికలో పబ్లిక్ స్టోరేజ్ పేరు ఎదురుగా సున్నాకు దగ్గర్లో ఒక అంకె కనిపించేది. ప్రిఫర్డ్ షేర్ల సొమ్ము అందులో కనపడదు. మామూలు వాటాదారుకి పైసా ఇచ్చేముందు వాళ్లకు కట్టాలి. కాబట్టి ఆ అంకె కూడా పూర్తి నిజం చెప్పదు.

జనరల్ గ్రోత్ కథ ఎలా తేలిందో తెలిస్తే మీకు మా తాతయ్య ఎకరం గుర్తొస్తుంది. కంపెనీ తనతోపాటు వందకు పైగా మాల్స్‌ని కూడా కోర్టులోకి తెచ్చింది. అప్పులవాళ్లు మండిపడ్డారు. ఈ మాల్స్ ఒక్కోటీ విడి కంపెనీ, దేని అప్పు అదే కడుతోంది, వీటికి దివాలాతో పనేంటి అని వాదించారు. 2009 ఆగస్టులో జడ్జి అలన్ గ్రాపర్ వాళ్ల వాదన కొట్టేశారు. అంతే, ఇన్నాళ్లూ కనిపించని మనుషులు బల్ల దగ్గరకొచ్చి కూర్చున్నారు. ఏడాది చివరికల్లా మాల్స్ అప్పుల మీద ఒప్పందాలు మొదలయ్యాయి. సగటున ఆరేళ్లకు పైగా కొత్త గడువు దొరికింది. అసలు మాఫీ చేయలేదు. అప్పులవాళ్లకు బాకీ పూర్తిగా ముట్టింది. అంటే ఆస్తులు మంచివే, అద్దెలు మంచివే. లోటు టైమ్‌ది ఒక్కటే.

2010 ఫిబ్రవరిలో ఎవరొచ్చారనుకున్నారు కొంటామని? సైమన్! మొత్తం 1,000 కోట్ల డాలర్లకు పైగా, షేరుకు 9 డాలర్లు ఇస్తామంది. జనరల్ గ్రోత్ ఒప్పుకోలేదు. బ్రూక్‌ఫీల్డ్, ఫెయిర్‌హోమ్, బిల్ ఆక్‌మన్ నడిపే పెర్షింగ్ స్క్వేర్ డబ్బు పెడితే ఆ నవంబర్‌లో కోర్టు నుంచి బయటికొచ్చింది. షేరు డాలరు లోపు ఉన్నప్పుడు కొన్న ఆక్‌మన్‌కి అది జీవితంలోనే పెద్ద లాభాల్లో ఒకటి. 2018లో బ్రూక్‌ఫీల్డ్ మిగతా కంపెనీని కూడా కొనేసింది.

ఈ కథని "చూశారా, ధైర్యంగా పట్టుకుంటే లాభమే" అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. నాకు అవి నచ్చవు. 2007లో 60 డాలర్లకు కొన్న మామూలు మనిషి సంగతేంటి? పిల్లల చదువుకి డబ్బు కావలసి 2008 నవంబర్‌లో సెంట్లకు అమ్ముకున్న మనిషి సంగతేంటి? ఆక్‌మన్‌కి ఆగే టైమ్ ఉంది, లాయర్లు ఉన్నారు. ఆ మనిషికి లేవు. కంపెనీ బతికింది, అప్పులవాళ్లు బతికారు, ఆఖర్న కొన్నవాళ్లు బాగుపడ్డారు. అందరికన్నా ముందు నమ్మి డబ్బు పెట్టినవాడే ఎకరం అమ్ముకున్నవాడు.

ఇప్పుడు మన దగ్గరకి. అమెరికా రీట్ చట్టంలో ఇంతకన్నా అప్పు చేయకూడదు అన్న గీత లేదు. మన సెబీ 2014లో నియమాలు రాసినప్పుడు గీత గీసింది. చేతిలో ఉన్న నగదు తీసేశాక, అప్పు ఆస్తుల విలువలో 49 శాతం దాటకూడదు. 25 శాతం దాటాలంటే క్రెడిట్ రేటింగ్ తెచ్చుకోవాలి, యూనిట్లున్నవాళ్ల ఆమోదం తీసుకోవాలి. మొదటి రీట్ ఎంబసీ ఆఫీస్ పార్క్స్ 2019 ఏప్రిల్ 1న మార్కెట్‌లోకి వచ్చింది. తర్వాతి ఏడాది మైండ్‌స్పేస్. మాదాపూర్‌లో మీలో చాలామంది లాగిన్ అయ్యే ఆ క్యాంపస్ దాని ఆస్తుల్లో ఒకటి. 2023లో నెక్సస్ సెలెక్ట్ వచ్చింది, ఇది మాల్స్ రీట్. కూకట్‌పల్లిలో మీరు సినిమాకి వెళ్లే నెక్సస్ మాల్ ఉందే, అదీ దీని చేతిలోదే. 2021 నుంచి ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు, అందుకే కదా ఇప్పుడు మీ యాప్‌లోకి వచ్చింది.

49 శాతం గీత మంచిదే, నేను కాదనను. జనరల్ గ్రోత్‌లా మెడదాకా మునగనివ్వదు. కానీ అది ఎంత అన్నదానికి గీసిన గీత, ఎప్పుడు అన్నదానికి కాదు. పైగా ఆస్తుల విలువను వాల్యుయర్ లెక్కగడతాడు. అది మారితే అప్పు పెరగకుండానే శాతం మారుతుందని ఇందాకే క్యాలిక్యులేటర్‌లో చూశాం. అమెరికాలో 2022 మార్చిలో సున్నా పక్కన ఉన్న ఫెడ్ వడ్డీ 2023 జూలైకల్లా 5.25 దాటింది. చవక రోజుల్లో రాసిన నోట్లు ఖరీదైన రోజుల్లో తిరగరాయాల్సి వస్తే ఎలా ఉంటుందో అక్కడి ఆఫీసు భవనాల యజమానులను అడగండి.

కాబట్టి దేనికి అప్పు తక్కువ అని అడిగారు కదా, నేను పేరు చెప్పను. మీకొక పని చెబుతాను. మన రీట్లు ప్రతి మూడు నెలలకూ ఫలితాలతోపాటు ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్ పెడతాయి. ఉచితమే, వాటి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ముందు పేజీల్లో మెరిసే భవనాల ఫొటోలుంటాయి, వాటిని దాటేయండి. అప్పు గురించిన పేజీకి వెళ్లండి. అప్పు శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని చుట్టుపక్కల వెతకండి, ఏ ఆర్థిక సంవత్సరంలో ఎంత తీర్చాలో చూపించే పట్టికో, నిలువు గీతల బొమ్మో ఉంటుంది. ఒకే ఏడాది మీద గీత తాటిచెట్టంత లేచిందా, అన్నేళ్ల మీదా సమానంగా పరుచుకుందా చూడండి. వడ్డీ స్థిరమా, మారేదా చూడండి. చేతిలో నగదు, బ్యాంకు పరిమితి ఎంతుందో చూడండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో అలాంటివి మూడు పక్కపక్కన పెట్టి, గీత గీతా కలిసి చదువుదాం. ఉంటాను.